మీ నిమిషాల కోసం పోటీ పడం

2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించారు. అది మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ వద్దు, ఆ తర్వాత జరిగింది చూడండి. జూలైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ తెచ్చింది. సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ వచ్చింది. మోజ్, జోష్ లాంటి దేశీయ ఆప్‌లూ వరస కట్టాయి. పోటీ లేదని ఎవరూ అనలేరు. కానీ దేనిలో పోటీ? అన్నిట్లోనూ అదే నిలువు వీడియో, ఒకటి అవగానే అడక్కుండా మొదలయ్యే ఇంకొకటి, ఎంత తోసినా అడుగు తగలని తెర.

మేం తెలుగులో ఆప్‌లు తయారుచేసే కొద్దిమందిమి. కోడ్ రాసేవాళ్లం, డిజైన్ చేసేవాళ్లం, టెస్టింగ్ చేసేవాళ్లం. పోటీ పెరిగితే అన్నీ సర్దుకుంటాయని మా రంగంలో ఒక నమ్మకం ఉంది. మేం దాన్ని సగమే నమ్ముతాం. గెలుపును నిమిషాల్లో కొలిచినంతకాలం పోటీ పెరిగేకొద్దీ వ్యసనమూ పెరుగుతుంది. ఒకరు ఆటోప్లే తీసేస్తే ఆ నిమిషాలు పక్క కంపెనీకి పోతాయి కాబట్టి ఎవరూ తీయరు.

ఇంటర్నెట్‌ను, ఫోన్‌ను వదల్లేనివాళ్ల కోసం బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచే ప్రత్యేక క్లినిక్ ఉంది. అక్కడికి వెళ్లేవాళ్లకి మనోనిగ్రహం లేదని మేం అనం. తెర అవతల ఎంత తెలివి పనిచేస్తోందో మాకు తెలుసు. 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్ ‘తర్వాతి పేజీ’ బటన్ అక్కర్లేని స్క్రోల్‌ను రూపొందించాడు. ఆ బటన్ దగ్గర చదివేవాళ్లు క్షణం ఆగి, ఇక చాల్లే అనుకునే వీలుండేది. ఆ క్షణం పోయింది. చేసినందుకు తర్వాత ఆయనే బహిరంగంగా విచారపడ్డాడు. 2009లో ఫేస్‌బుక్‌కి లైక్ బటన్ వచ్చింది. లైక్ ఎప్పుడు పడుతుందో తెలియకపోవడంలోనే దాని పట్టు ఉంది. నొక్కిన ప్రతిసారీ తిండి దొరికే మీట కన్నా ఎప్పుడో ఒకసారి దొరికే మీటనే ఎలుకలు, పావురాలు మానకుండా నొక్కుతాయని మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాలు అంతకు దశాబ్దాల ముందే చూపించాయి. ఇందులో ఎవరి దుర్మార్గాన్నీ వెతకనక్కర్లేదు. ప్రకటనల మీద బతికే కంపెనీకి మీరు ఇంకాస్త సేపు ఉంటే ఇంకో ప్రకటన పడుతుంది, అంతే.

మరి ఇంత పీడించని ఆప్ ఎవరైనా చేస్తే జనం అటు వెళ్లరా? వెళ్లలేరు. టిక్‌టాక్‌లో లక్షల మంది ఫాలోవర్లను సంపాదించుకున్న పల్లెటూరి కళాకారులు నిషేధంతో ఒక్కసారిగా సున్నాకి వచ్చేశారు. ఆ జాబితా వాళ్ల చేతిలో ఉండేది కాదు. ఫేస్‌బుక్ 2012లో ఇన్‌స్టాగ్రామ్‌ని 100 కోట్ల డాలర్లకి, 2014లో వాట్సాప్‌ని 1,900 కోట్ల డాలర్లకి కొన్నది కోడ్ కోసం కాదు, వాటిలో ఉన్న జనం కోసమని మా అభిప్రాయం. ప్రకటనలు వద్దన్న వాట్సాప్ వ్యవస్థాపకులిద్దరూ ఆనక బయటికి వచ్చేశారు. తెలుగులోనూ నడిచిన దేశీయ సోషల్ మీడియా ఆప్ ‘కూ’ 2024 జూలైలో మూతపడింది.

అందుకే ముందుగా ప్రభుత్వాన్ని అడిగేది ఇది. 2011 నుంచి నంబర్ మార్చుకోకుండానే ఫోన్ కంపెనీ మారుతున్నాం. 2016లో యూపీఐ వచ్చింది, ఫోన్‌పే నుంచి గూగుల్ పేకి డబ్బు వెళుతోంది. మరి వాట్సాప్‌లో ఉన్న మేనత్తకి ఇంకో ఆప్ నుంచి ‘క్షేమంగా చేరాను’ అని రాయడానికి అడ్డమేమిటి? ఐరోపాలో డిజిటల్ మార్కెట్ల చట్టం అందుకు దారి ఇవ్వమంది. మన దగ్గర 2024 మార్చిలో డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా బయటికొచ్చింది. ఇక్కడి చట్టంలోనూ ఆ దారి ఉండాలి. యూపీఐలోనూ సింహభాగం రెండు ఆప్‌లదే కదా అంటారు. నిజమే. కాకపోతే అక్కడ మూడో ఆప్‌కి మారాలంటే ఒక్క చుట్టాన్నీ వదులుకోనక్కర్లేదు.

ఇంకోటి. 2023 నవంబర్‌లో కేంద్రం 13 రకాల మోసపు డిజైన్లను నిషేధించింది. చెప్పకుండా బుట్టలో సరుకు చేర్చడం వాటిలో ఉంది, అంతులేని స్క్రోల్ లేదు. చేర్చాలి.

ఇక మా ఇంటి సంగతి. మా ఫీడ్‌కి చివర ఉంటుంది. మీరు ఎంచుకున్నవాళ్లు పెట్టినవి అయిపోతే, అయిపోయాయని రాసి ఆపేస్తాం. మీరు కోరితే తప్ప ఆటోప్లే ఉండదు. మనిషి మనిషికి రాసినప్పుడే ఫోన్ మోగుతుంది. ‘మీరు కనిపించి చాలా రోజులైంది’ అని మా సర్వర్ బెంగపెట్టుకోదు. పిల్లల కదలికలను గమనించి ప్రకటనలు గురిపెట్టడాన్ని 2023 డేటా రక్షణ చట్టం కూడదంది. మేం పెద్దవాళ్ల మీదా ఆ పని చేయం. మీ రాతలు, ఫొటోలు ఒక్క బటన్‌తో తీసుకుని వెళ్లిపోవచ్చు. నిజంగానే వెళ్తారా అని మూడుసార్లు అడగం.

మనిషి సగటున ఎన్ని నిమిషాలు గడిపాడన్న గ్రాఫ్ మా మీటింగుల్లో కనబడదు. వచ్చిన పని అయిందా అని వాడేవాళ్లనే అడుగుతాం. ఆ జవాబు నిమిషాలంత కచ్చితంగా రాదు. అంకెలంటే ప్రాణమిచ్చే మా ఇంజనీర్లకి ఇది గుచ్చుకుంటుంది. గుచ్చుకోనివ్వండి.

డబ్బు చందాలతోనే రావాలి. ఉచితానికి అలవాటుపడ్డ చోట అది కష్టం. ఏడాదికి ఒక డాలర్ అడిగిన వాట్సాప్ కూడా 2016లో ఆ రుసుము మానేసింది. మేం పెద్దగా పెరగకపోవచ్చు, ఆ లెక్క వేసుకునే దిగుతున్నాం. వాడే సమయం పెంచాలని షరతు పెట్టే పెట్టుబడి తీసుకోం. జీతాన్నీ బోనస్‌నీ నిమిషాలకి ముడిపెట్టం. ఇక్కడ రాసిన ఏ మాటకైనా విరుద్ధమైన మార్పు కోడ్‌లోకి వస్తుంటే, నిన్న చేరిన ట్రైనీ అయినా సరే దాన్ని ఆపేయవచ్చు. అలా ఆపినందుకు ఎవరినీ పనిలోంచి తీసేయకూడదని మా నియామక పత్రాల్లోనే రాస్తున్నాం.