ఒక్క పొర మహిమ

గూడూరు గనుల అభ్రకం మన తెలుగువారికి తెలియనిది కాదు. గోటితో గీరితే పొరలు పొరలుగా ఊడివస్తుంది. పొర లోపల పట్టు గట్టిది. పొరకూ పొరకూ మధ్య పట్టు వదులు. కరెంటు పారనివ్వదు గనుక ఇస్త్రీపెట్టెలలో వాడినారు.

ఇటువంటి పొరల ఖనిజమే మాలిబ్డినైటు. నల్లగా, జిడ్డుగా ఉంటుంది. యంత్రాల గ్రీజులో కలుపుతారు. అయితే ఇది అర్ధవాహకం. అనగా కరెంటును కావాలన్నప్పుడు పోనిచ్చి, వద్దన్నప్పుడు ఆపవచ్చును. చిప్పులకు కావలసిన గుణం ఇదే.

2004లో మాంచెస్టరులో గైమ్, నోవొసెలోవ్ అనేవారు గ్రాఫైటును అంటుడు టేపుతో ఒలిచి, ఒక్క పరమాణువు మందపు పొర తీసినారు. 2010లో నోబెల్ బహుమానం పొందినారు. కాని ఆ పొర కరెంటును పూర్తిగా ఆపజాలదు. మాలిబ్డినైటు పొర ఆపగలదు. అటువంటి పొరలు 15 లక్షలు పేర్చితే ఒక మిల్లీమీటరు మందం! పైగా దిమ్మగా ఉన్నప్పుడు వెలుగు నివ్వడం నామమాత్రమైన ఈ పదార్థం, ఒక్క పొరగా ఉంటే లేసరు కాంతి సోకగానే తానూ వెలుగుతుందని 2010లో కనుగొన్నారు. 2011లో స్విట్జర్లాండులోని లోజాన్‌లో ఒక్క పొరతో మంచి ట్రాన్సిస్టరు చేసి చూపినారు. సిలికాను ట్రాన్సిస్టర్లను మరీ చిన్నవి చేస్తే, ఆపినా కరెంటు కారుతూ ఉంటుంది. అందుకే ఈ పలుచని పొరలపై అందరికీ ఆశ.

మన బెంగుళూరు ఇందులో వెనుకబడలేదు. 2010లోనే జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రంలో సి.ఎన్.ఆర్. రావుగారి బృందం ఈ పొరలను రసాయన మార్గాన తయారుచేసినది.

చిక్కు మరొకచోట ఉన్నది. టేపుతో ఒలిచిన తునక తరచు వెంట్రుక మందమైనా ఉండదు. కనుక మాలిబ్డినం ఆక్సైడును, గంధకాన్ని కొలిమిలో కాచి, ఆ ఆవిరిని పలకపై పొరగా పెంచుతారు. పళ్లెమంత పలకపై ఎక్కడా చిరుగు లేకుండా, రెండవ పొర పేరుకోకుండా రావాలి. కష్టమంతా అక్కడే.

ఇటువంటి పదార్థాలతో చిప్పులు చేయడానికి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సుకు చెందిన 30 మంది శాస్త్రజ్ఞులు ప్రభుత్వానికి ప్రణాళిక సమర్పించినట్లు 2025లో పత్రికలు వ్రాసినవి. బళేపేటకు చేరువనే ఉన్న ఎస్.పి. రోడ్డు అంగళ్లలో చిప్పులకు కొదవ లేదు. పెక్కింటిపై పరదేశపు పేరే. చిప్పుల నమూనాలు గీసేవారు మన ఊళ్లో వేలమంది. తయారీ మాత్రం అధికభాగం బయటిదే.

ఒక్క పొర తీసి చూపడం విద్య. లక్షల పొరలు ఒకే తీరున తీసి ఇవ్వడం పరిశ్రమ. మొదటిది మనవారికి వచ్చును. రెండవదానికి డబ్బుతోపాటు ఏండ్ల తరబడి ఓర్పు కావాలని మా అభిప్రాయం. ఇంట్లో సైన్సు చదివే పిల్లలుంటే, కంప్యూటరు కొలువుతో పాటు ఈ కొలిమి పని కూడా ఉన్నదని చెప్పవలసినదిగా పాఠకులను కోరుతున్నాము.