విదేశవిద్యకై పొలమును కుదువ పెట్టవలెనా?

విద్యార్జనకై సముద్రములు దాటిపోవుట మన తెలుగువారికి క్రొత్త గాదు. చిత్తూరు చేరువనున్న కట్టమంచి గ్రామపు రామలింగారెడ్డిగారు 1902లో ప్రభుత్వపు విద్యార్థివేతనముతో కేంబ్రిడ్జికేగి, మరలివచ్చి, అర్థశాస్త్రమును తెలుగున వ్రాసి మన కిచ్చిరి. నిడుబ్రోలున రైతుకుటుంబమున జన్మించిన రంగాగారు ఆక్స్‌ఫర్డున అర్థశాస్త్రము చదివి వచ్చి తమ జీవితమును రైతులకే ధారవోసిరి. భీమవరమున బుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో మల్లాడి సత్యలింగనాయకరుగారి ధర్మనిధి సాయముతోను, మామగారి సాయముతోను అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరి, రాత్రివేళల ఆసుపత్రిలో కాయకష్టము చేసి చదువు సాగించి, లోకమునకు మేలైన ఔషధముల నొసగిరి.

అంతయేల? మనమందఱము సభ్యులమైయున్న యీ సహకారసంఘమే పరదేశ విద్యాఫలము. 1892లో మదరాసు ప్రభుత్వము ఫ్రెడరిక్ నికల్సను అను అధికారిని ఐరోపాలోని రైతుబ్యాంకులను పరిశీలించుటకు నియమించినది. ఆయన 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటముల నివేదిక సమర్పించి, జర్మనీలో రైఫీజను నెలకొల్పిన గ్రామ పరపతిసంఘముల వంటివి మనకును వలయునని చెప్పెను. 1904వ సంవత్సరపు పరపతిసంఘముల చట్టమునకు ఆ నివేదిక త్రోవ చూపినది. నాడు కర్నూలు, కడప జిల్లాలు మదరాసు రాజధానిలోనివే. వడ్డీవ్యాపారి కోఱలనుండి రైతును విడిపించుటకు ఆ విద్య యిచటికి వచ్చినది. నేడో, విద్య పేరిటనే రైతు మరల ఆ వడ్డీవ్యాపారి గుమ్మము త్రొక్కుచున్నాడు. ఇదియే మా విచారము.

మన పల్లెలలో నిప్పుడు జరుగుచున్న దేమి? కుమారుడు ఇంజనీరింగు ముగించును. ప్రక్కయింటివారి పిల్లవాడు అమెరికాకు పోయినాడు గావున మనవాడును పోవలె నందురు. పట్టణమునందలి కన్సల్టెన్సీవారు నెల దినములలో సీటు తెప్పింతు మందురు. ముప్పది లక్షలు కావలసియుండును. తండ్రి బ్యాంకునకు పోవును. ఏడున్నర లక్షలకు మించిన విద్యాఋణమునకు బ్యాంకువారు సామాన్యముగ ఆస్తి హామీ కోరుదురు. పొలము చూపిన, వలదందురు. కారణ మేమన, 2002వ సంవత్సరపు సర్ఫేసీ చట్టము వ్యవసాయభూమిని తన పరిధినుండి మినహాయించినది; కోర్టు కెక్కకుండ బ్యాంకు దానిని వేలము వేయజాలదు. రైతునకు రక్షగా పెట్టిన యీ నియమము మంచిదే. కాని ఇల్లుగాని, డిపాజిట్టుగాని లేని రైతునకు బ్యాంకు తలుపు మూసికొనును. అప్పుడతడు ప్రోనోటు వ్రాసియో, పొలమునకు క్రయ అగ్రిమెంటు వ్రాసియో పరులయొద్ద అప్పు తెచ్చును.

లెక్క చూడుడు. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున ముప్పది లక్షలకు నెలకు 60,000 రూపాయలు, ఏటికి 7,20,000, చదువు రెండేండ్లు సాగునప్పటికి వడ్డీయే 14,40,000 రూపాయలు. బ్యాంకువడ్డీ ఏటికి నూటికి పదునొకండు అనుకొన్నను, అదే సొమ్మునకు రెండేండ్లకు 6,60,000 మాత్రమే. అదియుగాక బ్యాంకువారు సామాన్యముగ చదువుకాలమును, ఆపైన ఒక సంవత్సరమును గడువిత్తురు. పరుల అప్పు మరునెలనుండియే వడ్డీ యడుగును. మన రాబడియో నెలనెల వచ్చునది కాదు. వాన కురిసిన శనగ, జొన్న. ధర నిలిచిన ఉల్లి, ప్రత్తి. కాలువ సాగిన వరి, పసుపు. ఏటి కొకమారు చేతికందు సొమ్ముతో నెలవడ్డీ కట్టుట యెట్లు?

పిల్లవాడు అక్కడ పనిచేసి పంపునని ఆశపడుట కలదు. అమెరికాలో విద్యార్థివీసాపై నున్నవాడు చదువు జరుగు దినములలో విశ్వవిద్యాలయపు ఆవరణలోనే, వారమునకు ఇరువది గంటలకు మించక పనిచేయవచ్చును. అనుమతి లేక బయట పనిచేసిన వీసా పోవును. అప్పు తీర్చవలెనను ఆదుర్దాతో పిల్లలు చేయగూడని పని చేయుదురు. దానికి మూలము ఇచట తండ్రి వ్రాసిన ప్రోనోటు.

ఇక మధ్యవర్తుల సంగతి. అందఱును మోసగాండ్రని మే మనము. కాని వారి వ్యాపారపు తీరును రైతు తెలిసికొనవలెను. అనేక విదేశ విద్యాసంస్థలు, తమకు విద్యార్థిని చేర్చిన మధ్యవర్తికి తలకింతయని కమీషను ఇచ్చును. విత్తనముల అంగడివాడు తనకు లాభ మెక్కువ వచ్చు సంచినే ముందు చూపినట్లు, మధ్యవర్తియు కమీషను నిచ్చు సంస్థనే ముందు చూపును. అది పిల్లవానికి తగినదా యను ప్రశ్న తరువాతిది. కొందఱు ఖాతాలో లేని సొమ్మును ఉన్నట్లు చూపింతుమనియు, లేని అనుభవపత్రములు వ్రాయింతుమనియు చెప్పుదురు. అట్టి అబద్ధము బయటపడిన, అమెరికా చట్టము ప్రకారము ఆ విద్యార్థి కాదేశప్రవేశము శాశ్వతముగ మూతపడవచ్చును.

రెండు ఉదాహరణములు చాలును. కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ యను పేరిట నొక సంస్థ నడిచినది. 2011 జనవరిలో ప్రభుత్వము దానిని మూయించునప్పటికి అందు పదునైదువందలకు పైగా విద్యార్థులుండిరి. అత్యధికులు భారతీయులు, అందు తెలుగువారు పెక్కుమంది. దానిని నడిపిన యామెకు 2014లో పదునాఱేండ్లకు మించిన శిక్ష పడినది. మఱల 2019 జనవరిలో మిచిగనులోని ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ సంగతి బయటపడినది. అది అక్రమముగ నుండువారిని పట్టుటకు అమెరికా ప్రభుత్వమే పన్నిన వల. అందు తరగతులు లేవు, గురువులు లేరు. సుమారు ఆఱువందలమంది రుసుము కట్టి చేరిరి. వారిని చేర్చిన మధ్యవర్తులు ఎనమండుగురు నిర్బంధింపబడిరి. అచటను నష్టపడినవారిలో తెలుగుబిడ్డలే హెచ్చు. కొందఱు తెలిసి చేరిరి, కొందఱు తెలియక చేరిరి. ఇంటికడ అప్పు మాత్రము ఇరువురికిని ఒక్కటే.

అయిన మార్గ మేమి? మొదటిది, నేరుగా దరఖాస్తు పెట్టుకొనుట. విశ్వవిద్యాలయము వారి స్వంత వెబ్‌సైటులో దరఖాస్తు, రుసుము, గడువు అన్నియు ప్రకటింపబడియుండును. మార్కుల పత్రములు, గురువుల సిఫారసు లేఖలు, ఆంగ్లపరీక్ష ఫలితము, తాను చదువదలచిన దేమో తెలుపు లేఖ: ఇవి విద్యార్థి స్వయముగ కూర్చుకొనదగినవే. నాలుగేండ్లు ఇంజనీరింగు చదివినవాడు ఆ కాగితములు నింపుకొనలేకున్న, పరదేశమున ఎట్లు నెగ్గును? సలహాకై అమెరికా ప్రభుత్వము వారి ఎడ్యుకేషన్ యుఎస్ఏ కేంద్రము హైదరాబాదునందే కలదు. జర్మనీ చదువులకు డాడ్ అను సంస్థ వివరము లిచ్చును. ఆ దేశపు ప్రభుత్వ విశ్వవిద్యాలయములు పెక్కు బోధనారుసుము తీసికొనవు. అయినను ఒక యేటి జీవనవ్యయమును ముందుగా ఖాతాలో నుంచవలెను.

వ్యవసాయ, విజ్ఞానశాస్త్రములలో పరిశోధన చేయగోరువారికి మఱియొక దారి కలదు. అచటి ఆచార్యుని పరిశోధననిధినుండి అసిస్టెంటుషిప్పు దొరకిన, బోధనారుసుము తగ్గుటయో తొలగుటయో జరుగును. నెలకు భృతియు వచ్చును. దానికి మధ్యవర్తి పనికిరాడు. ఆచార్యునకు విద్యార్థియే లేఖ వ్రాయవలెను. భూమిలేని వ్యవసాయకూలీల బిడ్డలకును, షెడ్యూల్డు కులముల వారికిని కేంద్రప్రభుత్వపు జాతీయ విదేశ విద్యార్థివేతనము కలదని మన పల్లెలలో నెందఱికి తెలియును? రాష్ట్రప్రభుత్వ పథకములు మాత్రము ప్రభుత్వములతోపాటు మారుచుండును. ఉత్తరువు చేతికి రాకమునుపే వాని నమ్మి అప్పు చేయరాదు.

రెండవ మార్గము వినిమయము. విద్యార్థి తన కళాశాలలోనే పేరుండి, సామాన్యముగ రుసుము నిచటనే కట్టి, ఒక అర్ధసంవత్సరము విదేశమున చదివి వచ్చును. అచటి చదువు ఇచటి పట్టమున లెక్కింపబడును. ఖర్చు తక్కువ, అపాయము తక్కువ. కళాశాలలో చేర్చునపుడే అట్టి ఒప్పందము కలదా యని తల్లిదండ్రులు అడుగవలెను. 1964లో ఏర్పడి నేడు రంగాగారి పేర వెలయుచున్న మన వ్యవసాయ విశ్వవిద్యాలయము సైతము అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయపు తోడ్పాటుతో పెరిగినదే. కాన్సాసు మనవలెనే జొన్న పండించు సీమ. మెట్టసేద్యము, నీటిపొదుపు, చిరుధాన్యములు, పంటనిలువ మొదలగు విద్యలకు మన బిడ్డలు పోయిన, నంద్యాల పరిశోధనాస్థానమునకును మన చేనికిని ఆ చదువు మరలివచ్చు త్రోవ యుండును. అందఱును కంప్యూటరు విద్యకే పోవలెనా?

ఇక సంఘముల కర్తవ్యము. ఒకటి, సభ్యుల బిడ్డలు హైస్కూలులో చేరిన నాటినుండియే నెలనెల కొద్దిసొమ్ము చేర్చుకొను విద్యాపొదుపు ఖాతాలు పెట్టవలెను. రెండు, విదేశమున చదివి వచ్చినవారిని, కళాశాల గురువులను పిలిచి, ప్రవేశపత్రములను ఉచితముగ పరీక్షించు చిన్న ఉపసంఘ మేర్పఱుపవలెను. రుసుము కట్టకమునుపే ఒక్కసారి ఆ కాగితము నలుగురి కన్నుల బడిన, సగము మోసము లాగిపోవును. మూడు, మన జిల్లా కేంద్ర సహకారబ్యాంకులు రైతుబిడ్డల విద్యాఋణములకు తగిన నియమములు చేయవలెనని మహాసభలలో తీర్మానింపవలెను.

తల్లిదండ్రులకు తుదిమాట యొకటి. పోవుటకు తగిన బుద్ధి కుమార్తెకున్న కుమార్తెనే పంపుడు. కుమారుని అప్పును కోడలి కట్నముతో తీర్తమను తలంపు మానుడు. అది ఒక రైతు ఋణమును మఱియొక రైతు నెత్తిన వేయుటయే. సీటు ఒక సంవత్సర మాలస్యమైన వచ్చు నష్టము స్వల్పము. పోయిన పొలము మరల రాదు. చదువు నిజమైనదైన, దానికి తగిన ధనమును వెదకుటకు ఒక యేడాది ఓపిక పట్టుట రైతునకు కష్టము గాదు. వానకై ఎదురు చూచుట మన సీమవారికి నేర్పవలెనా?