ఎండలో పెడితే ఆరదు

అహ్మదిలో ఉండేవాడు తేమ గురించి రాస్తానంటే నవ్వేవాళ్ళే ఎక్కువ. 2016 జులైలో ఇదే కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ కాసింది, అక్కడ తడి ఎక్కడిదండీ అంటారు. ఆగస్టు చివర్లో ఒకసారి వచ్చి చూడండి. వాయువ్యం నుంచి వీచే షమాల్ పొడిగాలి ఆగి, సముద్రం మీదుగా ఆగ్నేయపు గాలి మొదలైందంటే, ఏసీ గదిలోంచి బయట అడుగు పెట్టగానే కళ్ళజోడు మసకబారిపోతుంది. ఈసారి ముచ్చట అలాంటి మసక గురించే. కాకపోతే అది కళ్ళజోడు మీద కాదు, కారు స్టీరియో తెర లోపల.

ఆ రోజుల్లోనే ఒక శుక్రవారం పొద్దున కడప జిల్లా కుర్రాడొకడు మా ఇంటికి వచ్చాడు. ఇక్కడొక ఇంట్లో డ్రైవరు. నేను మీటర్లూ గేజీలూ బాగుచేసే పనిలో ఉన్నానని ఎవరో చెప్పారట.

"అన్నా, టేపు అద్దం లోపల నీళ్ళు చేరినాయి. షాపులో అడిగితే మొత్తం మార్చాల్సిందే, 45 దినార్లు అంటాండారు. మా కఫీల్ చూస్తే నా జీతంలోనే పట్టుకుంటాడన్నా."

ఇంటిపనివాళ్ళకు 2016లో ఇక్కడి ప్రభుత్వం నిర్ణయించిన కనీస జీతం 60 దినార్లు. అందులోంచి 45 పోతే ఊరికి పంపడానికి ఏం మిగులుతుందో మీరే లెక్క వేసుకోండి.

షాపువాళ్ళను నేను తిట్టను. విప్పి, ఆరబెట్టి, మళ్ళీ బిగించడానికి పట్టే సమయానికి కూలీ ఎవరిస్తారు? కొత్తది పెట్టడం వాళ్ళకు తేలిక. కానీ నీళ్ళు ఎలా వచ్చాయో చూడకుండా కొత్తది పెడితే నాలుగు నెలల్లో దానిలోనూ నీళ్ళు చేరవని హామీ ఏముంది? నా అభిప్రాయం ఒక్కటే: నీళ్ళు ఎలా వచ్చాయో కనిపెట్టకుండా ఆరబెట్టినా దండగే, మార్చినా దండగే.

కొంచెం లెక్క చూద్దాం. 35 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి సుమారు 40 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. 20 డిగ్రీలకు చల్లబడితే 17 గ్రాములే. మిగిలింది నీరై ఎక్కడో ఒకచోట వాలాలి. స్టీరియో పక్కనే ఏసీ గాలి వచ్చే జాలీ ఉంటుంది కదా, ఆ చల్లదనానికి తెర అద్దం చల్లబడుతుంది. అంచుల సందుల్లోంచి లోపలికి చేరిన ఉక్కగాలి దాని మీదే వాలుతుంది. ఇలా వచ్చిన మసక శుభ్రంగా ఉంటుంది, చాలాసార్లు కాసేపటికి తనే పోతుంది. దానికి కంగారు అక్కర్లేదు. ఏసీ జాలీని పక్కకు తిప్పితే చాలు.

మనవాడి తెర అలా లేదు. కింది అంచున చుక్కలు నిలిచాయి, వాటి కింద సన్నటి మట్టి గీత. ఆవిరి మట్టిని మోసుకురాదు. అంటే బయటి నీళ్ళే లోపలికి పోయాయన్నమాట. "కారు ఎట్లా తుడుస్తావు?" అని అడిగాను. రోజూ తెల్లవారకముందే బకెట్టు నీళ్ళలో ముంచిన గుడ్డతోనట. ఈ దుమ్ములో డాష్‌బోర్డు తుడవకపోతే యజమాని ఊరుకోడు, సరిగ్గా పిండని గుడ్డను సందు ఊరుకోదు!

అప్పటికే అతగాడు వైద్యాలు చేసి ఉన్నాడు. రెండు రోజులు కారును ఎండలో పెట్టాడు. ఇక్కడి ఎండలో మూసిన కారు డాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటుతుంది. నీళ్ళు ఆవిరవుతాయి, నిజమే. కానీ బయటికి దారి లేదు. వెనకనున్న సర్క్యూటు మీదికి పోయి, చల్లబడగానే మళ్ళీ అద్దం మీదికి వస్తాయి. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు ఇంకా ప్రమాదం, తెర మీది పొరలు బుడగలెత్తుతాయి. బియ్యంలో పెట్టమంటారు కొందరు. బియ్యం పెద్దగా లాగేదేమీ లేదు, పైగా తవుడు దుమ్ము లోపలికి పోతుంది. మందుల షాపు స్పిరిట్ 70 శాతానిదైతే మిగతాది చాలావరకు నీళ్ళే.

ముందుగా నేను చెప్పింది విప్పే పని కాదు. "కఫీల్‌కు చెప్పి రా తమ్ముడూ, చెప్పకుండా విప్పితే తప్పు రెండింతలవుతుంది" అన్నాను. భయపడుతూనే వెళ్ళాడు. మూడు రోజులు గడువు తెచ్చుకున్నాడు.

తడి మీద కరెంటు పారితే రాగి గీతలు తుప్పు పడతాయి కాబట్టి మొదట కరెంటు తీసేశాం. కొన్ని స్టీరియోలు కరెంటు పోతే కోడ్ అడుగుతాయి, ఆ కార్డు ముందే వెతికి పెట్టుకోవాలి. తర్వాత స్టీరియో ఊడదీసి, మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ గుళికలతో పెట్టాం. ఇవి ట్రాన్స్‌ఫార్మర్లకు వాడే రంగు రకం, తేమ తాగితే నీలం నుంచి గులాబీకి మారతాయి. చెప్పుల పెట్టెల్లోని పొట్లాలు ఈ ఊరి గాలికి ఎప్పుడో కడుపు నింపుకుని ఉంటాయి, వాటిని నమ్మకండి. మొదటిరోజే గుళికలు గులాబీ అయ్యాయి, ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర వేడిచేసి మళ్ళీ వేశాం. మూడోరోజు రంగు మారలేదు. అప్పుడు బిగించాం.

తెర వెలిగింది. కింది మూల మట్టి మరక మాత్రం ఉండిపోయింది. అద్దం జిగురుతో అతికించి ఉంది, దాన్ని విప్పితే లాభం కన్నా నష్టమే ఎక్కువని వదిలేశాను. ఇప్పటి కార్లలో ఏసీ మీటలూ వెనక కెమెరా అన్నీ ఆ తెరలోనే ఉంటున్నాయి, అలాంటిచోట ఇంకా జాగ్రత్త.

కఫీల్ ఆ మరకను చూశాడట, ఏమీ అనలేదట. మనవాడు మాత్రం ఇప్పుడు డాష్‌బోర్డును పొడిగుడ్డతోనే తుడుస్తున్నాడు. సందుల్లో దుమ్ముకి రంగుల బ్రష్షు కొన్నాడు. 45 దినార్ల బేరం కుర్రాడు బ్రష్షుతో తప్పించుకున్నాడు.