తాడు బుట్ట, దాని లెక్క

పోయిన నెల పాత చీరల బొంత గురించి రాస్తే, మార్కండేయ గుడి కాడ కలిసిన ఆడవాళ్లు "బొంత మాకూ వస్తది అక్కా, ఆ తాడు బుట్ట సంగతి రాయి" అన్నరు. సరే, ఈ నెల అదే. కుట్టుడు ఎట్లనో రాస్తా, దాంతోటి మా ఇంట్ల అయిన పంచాయితీ కూడా రాస్తా.

నెత్తి మీద బిందె పెట్టుకునేటప్పుడు బట్టను గుండ్రంగ చుట్టి కింద పెడతం కదా, చుట్టకుదురు. ఆ చుట్టలు ఒకదాని పక్కన ఒకటి కుట్టుకుంట పోతే అడుగు, ఒకదాని మీద ఒకటి పోతే గోడ. గంతే బుట్ట. గోదావరి వైపు గడ్డితాడు చుట్టి వడ్లు పోసే పురి కూడా ఈ తీరే. పిల్లలు ఫోన్ల చూసి కొత్త విద్య అనుకుంటున్నరు.

లోపలికి తాడు కావాలె. మా షోలాపురంల తువ్వాళ్ల కార్ఖానాలల్ల రేపియర్ సాంచాలు ఉన్నయి. వాటి మీద బట్ట పక్కన సన్నపు అంచు ఒకటి ఎక్కువ నేస్తది, దాన్ని సాంచె మీదనే కత్తెర కోసి వదిలేస్తది. అది ముక్కలు ముక్కలు కాదు, గజాల కొద్ది పొడుగ్గ వస్తది. వేస్టు కింద కిలోల లెక్క అమ్ముతరు. రెండు మూడు పోగులు కలిపి పురి పెడితే పావంగుళం తాడు అయితది. అది దొరకకుంటే బజార్ల నూలు తాడు కొనుండ్రి. నైలాన్ తాడు తేవద్దు, బట్ట దాని మీద నిలవదు, జారుతది. నూలు తాడును ఒకసారి నీళ్లల్ల ముంచి ఎండబెట్టినంకనే కుట్టాలె. నేను మొదటి బుట్ట అట్ల చేయలే. ఉతికినంక తాడు కుంచుకపోయి బుట్ట ఒక పక్కకు మెడ వంచింది.

పైన చుట్టేదానికి పాత చీర, లుంగీ, జాకెట్టు ముక్కలు మంచివి. అంగుళం వెడల్పు పీలికలు చేసుకోవాలె. కత్తెర పెట్టకుండ చింపుండ్రి, పోగు వెంట సూటిగ వస్తది. తువ్వాల ముక్కలు మాత్రం వద్దు. ముప్పై ఒక్క ఏండ్లు తువ్వాళ్ల అంచులు కుట్టినదాన్ని, నాకు తెల్వదా అని వాటితోనే మొదలుపెట్టిన. ఆ బొచ్చుల సూది చిక్కుకొని రెండు సూదులు విరిగినయి. ఎర్రది, నీలంది అయితే తడిగుడ్డతోటి ఒకసారి రుద్ది చూడుండ్రి, రంగు దిగితే పక్కకు పెట్టుండ్రి.

తాడు ఎంత పడుతదో ముందే లెక్క కట్టచ్చు. అడుగు 5 అంగుళాల వెడల్పు, గోడ 4 అంగుళాల ఎత్తు అనుకుందాం. పావంగుళం తాడు 330 అంగుళాల దాక పడుతది, అంటే తొమ్మిది గజాల పైన. పీలికను సగం మీద సగం ఎక్కించి చుడితే తాడు పొడుగుకు ఒకటిన్నర నుంచి రెండింతల పీలిక కావాలె. పీలిక అయిపోతే దాని కొస మీద కొత్తది ఎక్కించి చుట్టుడే, ముడి వేయద్దు. ముడి పైకి ఉబ్బుతది.

తాడు కొసను పీలికతోటి మూసి, నత్తగుల్ల లెక్క చుట్టి, దబ్బనం సూదితోటి పక్క చుట్టకు పట్టించాలె. అడుగు అయ్యేదాక పీట మీదనో నేల మీదనో సాపుగ పెట్టి కుట్టుండ్రి, ఒళ్లో పెట్టుకోవద్దు. కష్టమంతా ఈడనే ఉన్నది. తాడు గుంజి పట్టుకుంటే అడుగు గిన్నె లెక్క లేస్తది. మరీ వదులు పెడితే అంచు అలలు అలలుగ వస్తది. తాడు దానంతట అది పండుకోవాలె, మన చెయ్యి దాన్ని లాగొద్దు. గోడ లేపాలంటే కొత్త చుట్టను పక్కన కాకుండ అడుగు అంచు మీద కూసోబెట్టాలె. ఆఖర్ల తాడు కొస సన్నగ కోసి కుట్టేస్తే మెట్టు కనబడదు.

ఇగ పంచాయితీ. నా కొడుకు పనిచేసే కార్ఖానా ఇప్పుడు వారంల మూడు దినాలే నడుస్తున్నది. అప్పుడు ఒక దుకానపాయన మా కోడలికి 50 బుట్టలు చెప్పిండు. తాడు ఆయనదే, పీలికలు, దారం మావి. బుట్టకు 35 రూపాయలు. కోడలు సంబురంగ ఒప్పుకొని వచ్చింది. నేను ఒక బుట్ట గడియారం చూసుకుంట చేసిన. అర అంగుళానికి ఒక కుట్టు అయితే 660 కుట్లు. పీలిక చుట్టుడు కలుపుకొని నాలుగు గంటలు పట్టింది. దారం మూడు రూపాయలు తీసేస్తే గంటకు ఎనిమిది రూపాయలు. "ఇది డజను లెక్క కన్న అన్యాలం" అన్న. కోడలు ఊకోలే. "ఖాళీగ కూసుంటే ఎనిమిది కూడా రావు కదా అత్తమ్మా" అన్నది. నాకు జవాబు దొరకలే. రెండు దినాలు మేము సరిగ్గ మాట్లాడుకోలే.

మాట ఇచ్చినం కదా అని 20 చేసి ఇచ్చినం. అండ్ల ఆరు "సాపుగ లేవు" అని వాపస్ పంపిండు. అడుగు లేచినయి అవి. నేను కోడలిని తిట్టిన, తర్వాత తిప్పి చూస్తే అండ్ల నాలుగు నేను కుట్టినయే. ఆ మాట ఆమెకు చెప్పిన. మిగతా 30 చేయమని ఇద్దరం పోయి చెప్పి వచ్చినం.

మన ఇండ్లల్ల ఉండే నల్ల కాలుమిషిని సూటిగనే కుడుతది, రెండు చుట్టలను పట్టుకోదు. చీరలకు పీకో చేసే మిషినికి సూది ఇటు అటు పోతది, ఒక కాలు ఈ చుట్ట మీద, ఒక కాలు ఆ చుట్ట మీద. మా గల్లీల పీకో చేసే చెల్లె ఒకామె ఉన్నది. లావు సూది వేసి ఆమె దగ్గర కుట్టిస్తే అరగంటల బుట్ట అయింది. ఇప్పుడు మేము ఇంట్ల పీలికలు చుట్టి ఇస్తం, ఆమె కుడుతది, వచ్చింది సగం సగం. దుకానానికి ఇయ్యం. 120 చెప్పినం. పదకొండు పోయినయి, అండ్ల ఏడు రొట్టెలు పెట్టుకునేదానికి తీసుకున్నరు. రొట్టెల బుట్టను వారానికోసారి ఎండల పెట్టకుంటే ఆవిరికి వాసన వస్తదని వాళ్లకు చెప్పి ఇచ్చినం. ఇంకా నాలుగు గూట్ల ఉన్నయి. వాపస్ వచ్చిన ఆరు అమ్మలే, ఒకదాంట్ల నా అద్దాలు, బీపీ గోలీలు ఉంటయి, మిగతావి మనుమరాలు ఆటకు తీసుకున్నది.

ఒక్క మాట అడగాలె. ఇక్కడ రేపియర్ అంచు ఇచ్చే ఆయన ఈ నెల కిలో రేటు పెంచిండు. భివండి, ఇచల్‌కరంజి వాళ్లు అక్కడ కిలో ఎంతకు ఇస్తున్నరో పత్రికకు ఒక కార్డు రాయుండ్రి. వచ్చే నెల మూత ఎట్ల కుట్టాలెనో రాస్తా, అది ఇంకా నాకే సరిగ్గ కూసోలే.