డీజిలు పన్ను వాపసు: బండి జాడల లెక్క యెవరిది?

కేజివీల్సు తొడిగి దమ్ము చేయు ట్రాక్టరు తారురోడ్డు మీద నడువరాదు. నడిచినచో రోడ్డు చెడును. అయినను ఆ దమ్ములో కాలిన ప్రతి లీటరు డీజిలు మీదను రోడ్లకై విధించిన సుంకమును రైతు చెల్లించుచునే యున్నాడు. 2000 సంవత్సరపు కేంద్ర చట్టము ననుసరించి పెట్రోలు, డీజిలుల మీద రోడ్డు సెస్సు వసూలగుచున్నది. దానికి తోడు కేంద్రపు ఎక్సైజు సుంకము, రాష్ట్రపు వ్యాటు. 2017 జూలై 1వ తేదీన జి.ఎస్.టి. వచ్చినపుడు సయితము డీజిలు దాని వెలుపలనే నిలిచినది. రోడ్డెక్కని ఇంజనుకు రోడ్డు సుంకమేల యని మన దేశమున నడుగువారు తక్కువ. ఇతర దేశములలో అడిగిరి, జవాబును పొందిరి. ఆ జవాబులలో నొకటి యిప్పుడు క్రమముగా యంత్రముల చేతిలోనికి పోవుచున్నది గనుక, దానిని గూర్చి మన సంఘ సభ్యులు ముందుగనే యొక యభిప్రాయము నేర్పరచుకొనుట మంచిదని నా తలంపు.

బ్రిటను దేశమువారిది రంగు పద్ధతి. పొలము పనులకు వాడు డీజిలులో ఎర్రరంగు కలిపి, దానిపై తక్కువ పన్ను తీసికొందురు. 2022 ఏప్రిల్ 1 నుండి చాల పరిశ్రమలకు ఆ యెర్ర డీజిలును మాన్పిరి గాని వ్యవసాయమునకు మాత్రము ఉంచిరి. మన చౌకడిపోల కిరసనాయిలుకు నీలిరంగు వేసినది ఇట్టి యుద్దేశముతోనే. ఆ నీలి కిరసనాయిలు ఎన్ని లారీల ట్యాంకులలో చేరినదో చదువరులకు నేను చెప్పవలసిన పనిలేదు.

ఆస్ట్రేలియావారు రంగును నమ్మక లెక్కను నమ్మిరి. 1982లో అచ్చట డీజిలు రిబేటు పద్ధతి యేర్పడెను. అనేక మార్పుల పిమ్మట 2006 జూలై 1 నుండి ఇంధనపు పన్ను చట్టము అమలులోనికి వచ్చినది. రైతు అందరివలెనే పన్నుతో కూడిన ధరకు డీజిలు కొనును. పిమ్మట సర్కారునకు తన వ్యాపారపు పన్ను పత్రమును పంపునపుడు, ఇన్ని లీటర్లు చేనిలో కాల్చితినని చూపి, ఆ పన్నును తిరిగి పొందును. సువార్తలోని సుంకరి జక్కయ్య తాను అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి యిత్తునని మాట యిచ్చెను. ఈ సుంకరి అంతటి దాత కాడు, లెక్క చూపినవానికి తీసికొన్నంత మాత్రము ఇచ్చును.

అయితే ఆ లెక్క సులభమైనది కాదు. 2025 ఆగస్టులో అచ్చటి డీజిలు పన్ను లీటరుకు 51.6 సెంట్లుగా నుండెను. చేనిలోను, చేని లోపలి సొంత దారులలోను కాలిన డీజిలునకు ఆ మొత్తము తిరిగి వచ్చును. నాలుగున్నర టన్నులకు పైబడిన లారీ ప్రజల రోడ్డు మీద నడిచినచో రోడ్డు వాడుక రుసుమును మినహాయింతురు. 2025-26 సంవత్సరమునకు ఆ రుసుమును 32.4 సెంట్లుగా నిర్ణయించిరి, అనగా ఆ లెక్కన రైతుకు మిగిలినది లీటరుకు 19.2 సెంట్లు. చిన్న బండి రోడ్డెక్కినచో ఏమియు రాదు. ఇప్పుడు కోతల కాలమున ధాన్యము మోయు నొక పెద్ద లారీ నూరు లీటర్లు త్రాగినదనుకొందము. అందు అరువది లీటర్లు చేలలో కాలినవి, నలువది లీటర్లు గిడ్డంగికి పోవు రోడ్డు మీద కాలినవి. మొదటి భాగమునకు 30 డాలర్ల 96 సెంట్లు, రెండవదానికి 7 డాలర్ల 68 సెంట్లు, వెరసి 38 డాలర్ల 64 సెంట్లు రైతుకు రావలెను. అతడు ఆ విభజనను రుజువు చేయలేక నూరు లీటర్లను రోడ్డు ఖాతాలోనే వ్రాసికొన్నచో వచ్చునది 19 డాలర్ల 20 సెంట్లు. అనగా వ్రాత లేకపోవుటచేత సగము సొమ్ము పోయినది. చేనిలో జరిగిన నష్టమేమియు లేదు, అంతయు కాగితము మీది నష్టమే.

కోత నాడు మబ్బు పట్టియుండగా డ్రైవరు బండి నాపి, ఈ మలుపు వద్ద రోడ్డెక్కితిని, ఆ గేటు వద్ద దిగితిని అని పుస్తకమున వ్రాయునా? వ్రాయడు. సాయంకాలము గుర్తు తెచ్చుకొని వ్రాయును. లేక నెలాఖరున ఊహించి వ్రాయును. నాలుగేండ్ల లోపల వాపసు అడుగవలెననియు, కాగితములు అయిదేండ్లు దాచవలెననియు అచ్చటి నిబంధన. ఊహించి వ్రాసిన లెక్కను అయిదేండ్లు దాచిన మాత్రమున నిజము కాదు గదా! అందుచేత నెమ్మదస్థుడు భయపడి తక్కువ అడుగును, గడుసువాడు ఎక్కువ అడుగును. చేతివ్రాత పద్ధతిలో నాకు కనబడు పెద్ద లోపమిది.

బండికి తగిలించు జి.పి.యస్. పెట్టె ప్రవేశించినది ఈ చోటనే. ఉపగ్రహముల సంకేతములనుబట్టి అది బండి యున్న తావును క్షణక్షణమునకు గుర్తించును. ఇంజను నడచుచున్నదా, ఆగియున్నదా యనునదియు తెలిసికొని, ఫోను సంకేతముల ద్వారా కార్యాలయపు యంత్రమునకు పంపును. అచ్చటి పటములో రోడ్లు గీయబడియుండును, రైతు చేని హద్దులును గీయబడియుండును. బండి హద్దు లోపల నున్నంతసేపు ఒక పద్దు, రోడ్డు మీద నున్నంతసేపు మరియొక పద్దు. నెలాఖరున రెండు పద్దుల మొత్తములు సిద్ధముగా నుండును. కొన్ని క్రొత్త ఇంజనులు తాము త్రాగిన డీజిలు కొలతను సయితము తామే చెప్పును. పాతవాటికి గంటల లెక్కనుబట్టి సగటు కట్టవలెను. డ్రైవరు కలము పట్టవలసిన పనిలేదు.

ఇది మేలైన సాధనమని నేను ఒప్పుకొందును. కాని దీనిని చూచి మురిసిపోవువారు ఒక సంగతి మరచుచున్నారు. ఎద్దు ఎచ్చటెచ్చట తిరిగినదో డెక్కల జాడ చెప్పును గాని, అది ఎంత మేత మేసినదో చెప్పదు. మేత లెక్క బంకు బిల్లులోనున్నది. ఆ బిల్లు పోయినచో ఎంత చక్కని జాడయైనను పైకమునకు కొరగాదు. బిల్లుమీది తేదీయు ముఖ్యమే, ఏలయన డీజిలు కొన్ననాటి రేటుననుసరించియే వాపసు లెక్క కట్టుదురు, ఆ రేటేమో ఏటికి రెండు మారులు, ఫిబ్రవరిలోను ఆగస్టులోను, మారుచుండును. ఇక చేని డ్రమ్ములో నిలువ చేసిన డీజిలు సంగతి చూడుడు. అందులో కొంత ట్రాక్టరుకు, కొంత నీటి పంపు ఇంజనుకు, కొంత కరెంటు పోయిన రాత్రి జనరేటరుకు పోవును. పంపునకు జాడ లేదు, అది కదలదు. దాని లెక్కను ఎవరో యొకరు వ్రాయవలసినదే. మరియు ఉపగ్రహపు గుర్తులో కొన్ని గజముల తప్పు ఉండుట కలదు. చేని గట్టును ఆనుకొని రోడ్డు పోవుచోట, గట్టు వెంబడి దున్నుచున్న ట్రాక్టరును యంత్రము రోడ్డు మీదనున్నదని తలచవచ్చును. హద్దు గీత గీయువాడు ఊరు చూడనివాడైనచో, మన డొంకలను పుంతలను ఏ ఖాతాలో వేయునో దైవమునకెరుక. కావున హద్దులు గీయు పని రైతు కన్నుల యెదుట జరుగవలెను.

ఇంతవరకు చెప్పినది యంత్రము సంగతి. నా మనస్సులో నున్న అసలు మాట వేరు. ఆస్ట్రేలియా చట్టములో నాకు మిక్కిలి నచ్చినది జి.పి.యస్. కాదు, వాపసు ఎవరికి చెందుననుట. డీజిలు కొని తన వృత్తిలో కాల్చినవానిదే హక్కు. బాడుగకు దున్నువాడు తన డీజిలును తానే కొని పరుల చేను దున్నినచో, వాపసు అడుగవలసినవాడు దున్నినవాడే గాని చేని యజమాని కాడు. భూమి ఎవరి పేరనున్నదని ఆ చట్టము అడుగదు.

మన వైపు ఆచారము దీనికి విరుద్ధము. మన రెండు తెలుగు రాష్ట్రములలో ట్రాక్టరు డీజిలుమీది పన్నును లీటర్ల లెక్కను రైతుకు మరలించు పద్ధతి లేదు. ఆంధ్రప్రదేశమున సముద్రములో వేటాడు మరపడవలకు 2019 నుండి లీటరుకు 9 రూపాయల సబ్సిడీ యేర్పాటు చేసిరి. అది లీటరునుబట్టి, వేటనుబట్టి యిచ్చునది, న్యాయమైన దారి. కర్ణాటకమువారు 2022-23లో రైతుశక్తి యను పేర ఎకరమునకు 250 రూపాయల చొప్పున, అయిదెకరముల వరకు, డీజిలు సాయము ప్రకటించిరి. అది ఎకరమునుబట్టి యిచ్చునది. ఎకరమునుబట్టి యిచ్చినచో ఎద్దులతో దున్నినవానికిని, ట్రాక్టరుతో మూడు సాళ్లు దున్నినవానికిని ఒకటే మొత్తము వచ్చును. అంతకన్న పెద్ద చిక్కు, ఎకరము ఎవరి పేరనున్నదను ప్రశ్న. తెలంగాణమున 2018లో ఆరంభించిన రైతుబంధు సొమ్ము పట్టాదారులకు చేరినది గాని కౌలుదారులకు చేరలేదు. ఆంధ్రప్రదేశమున కౌలుదారుల కొరకు 2011లో నొక చట్టము, 2019లో మరియొక చట్టము చేసిరి. అయినను ఆ కార్డుకు భూయజమాని సమ్మతి కావలసియుండుటచేత చేతికి రానివారెందరో మన సంఘములోనే యున్నారు.

రేపు మన సర్కారువారు డీజిలు పన్ను వాపసు ఈయదలచి, జి.పి.యస్. జాడలను ఆధారముగా తీసికొన్నారనుకొందము. పటములో హద్దులు దేనినిబట్టి గీయుదురు? సర్వే నెంబర్లనుబట్టి. సర్వే నెంబరునకు ఎవరి పేరు తగిలియున్నది? పట్టాదారు పేరు. తెల్లవారుజామున లేచి, అప్పు చేసి డీజిలు పోయించి, దమ్ము చేసినవాడు కౌలుదారు. యంత్రము లీటరు వరకు కచ్చితముగా లెక్క కట్టి ఆ పైకమును పంపునది పట్టణములోనున్న భూస్వామి ఖాతాకు! చేతివ్రాతలో జరిగిన తప్పును ఎవరినైనను అడిగి దిద్దించుకొనవచ్చును. యంత్రము ఒప్పుగా కట్టిన లెక్కను తప్పుడు పేరున వేసినచో, ఏ గుమాస్తా కడకు పోవుదుము? కావున జాడను సర్వే నెంబరునకు గాక, బండికిని బంకు బిల్లుకును జత చేయవలెనని నేను గట్టిగా చెప్పుచున్నాను. పొలము హద్దు, ఇది రోడ్డు కాదని తెలిసికొనుటకు మాత్రమే పనికిరావలెను.

బండికి జాడ పెట్టె కట్టుట వేగు పెట్టుటయే యని కొందరు సభ్యులు అనుచున్నారు. ఆ మాటను నేను త్రోసివేయను. బండి ఏ రాత్రి ఏ ఊర నిలిచినదో, ఎవరి ఇంటి ముందు ఆగినదో ఆ పెట్టెకు తెలియును. ఆ సంగతులు అప్పులవానికిని, పోటీ వ్యాపారికిని విలువైనవి. వ్యక్తుల సమాచారమును కాపాడుటకు 2023లో మన పార్లమెంటు చట్టము చేసినది గాని, చట్టము పుస్తకములో నుండుట వేరు, మన చేతిలో తాళపుచెవి యుండుట వేరు. సర్కారునకు కావలసినది రోడ్డు వెలుపల ఇన్ని గంటలు, ఇన్ని లీటర్లు అను మొత్తము మాత్రమే. దారి జాడ యంతయు పంపనక్కరలేదు. అది సంఘము వద్ద నుండి, తగవు వచ్చిననాడు తెరువబడినచో చాలును.

చిన్నరైతునకు ఈ పెట్టె యెందుకని మరియొక శంక. ఒక్క ట్రాక్టరున్నవానికి పెట్టె ఖర్చు వాపసును మించవచ్చును. ఆస్ట్రేలియాలో సయితము ఏటికి పదివేల డాలర్ల లోపు అడుగువారికి సులభమైన లెక్క మార్గములుంచిరి. మనకు సంఘపు బాడుగ ట్రాక్టర్లు గలవు. వానికి పెట్టినచో ఖర్చు నూరుమంది మీద పంచుకొనబడును. చిన్న సభ్యునికి బాడుగ చీటీయే ఆధారము కావలెను.

2022 జూన్‌లో కేంద్రప్రభుత్వము 63,000 ప్రాథమిక సంఘములకు కంప్యూటర్లు సమకూర్చు పథకమును ఆమోదించినది. సంఘముల లెక్కలు ఆ యంత్రములలోనికి ఎక్కుచున్న ఈ తరుణముననే, బాడుగ చీటీ నమూనాలో మూడు గడులు చేర్చవలెను: డీజిలు ఎవరు కొనిరి, బిల్లు నెంబరేమి, సాగు చేయుచున్నవారెవరు. మూడవ గడిలో పట్టాదారు పేరు వ్రాయరాదు, సాగుదారు పేరే వ్రాయవలెను. దీనికి సర్కారు ఉత్తరువుతో పనిలేదు, క్రొత్త చీటీలు అచ్చు వేయించు ఖర్చు మాత్రమే. వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ తీర్మానమును ప్రతిపాదింపవలసినదిగా కార్యదర్శిగారిని కోరుచున్నాను.