గళ్ళలోని కోళ్ళు

వార్తాపత్రికల పదబంధ ప్రహేళికలలో కర్షకుని మాటలకు నేటికిని చోటు దొరకుచున్నది. కోడె, పెయ్య, పడ్డ, కుడితి, పలుపు, దొడ్డి మున్నగు చిన్న మాటలు గడులకు చక్కగా నమరును. పంజాగుట్ట మేడలలో కాపురముండు పెద్దలు వీనిని క్షణములో పూరింపగలరు. కాని ప్రక్కనున్న అమీరుపేట శిక్షణాలయములలో కంప్యూటరు పరిభాషను కొలది నెలలలో వంటబట్టించుకొను రైతుబిడ్డలను పెయ్యకును పడ్డకును భేదమేమని యడుగుడు. పెక్కుమంది చెప్పజాలరు.

ఇందుకు వారిని నిందించి ప్రయోజనము లేదు. పనితో మాట పుట్టును. పని మారినచో మాటయు మారును. 2019వ సంవత్సరపు పశుగణనము ప్రకారము దేశమందలి పెంపుడు పక్షులు 85 కోట్లకు పైబడినవి. అందు ఆంధ్రప్రదేశమున 10.78 కోట్లు, తెలంగాణమున 7.99 కోట్లు గలవు. అనగా ఐదవ వంతునకు మించి తెలుగునేలపైననే యున్నవి. అయినను ఆ వృత్తిలో నేడు వినవచ్చు మాటలు లేయరు, బ్రాయిలరు, షెడ్డు, ఫీడు, హేచరీ.

"పొదుగు" అను మాటను చూడుడు. ఆవునందది పాలుండు చోటు; పెట్టయందది చేయు పని. ప్రహేళిక కూర్చువానికి ఇంతకంటె సొగసైన ఆధారము దొరకదు. కాని పంజరములోని పెట్టకు పొదుగు భాగ్యము లేదు. దాని గ్రుడ్డు దొర్లి తొట్టిలో పడును. పిల్లలను యంత్రము పొదుగును. బ్రాయిలరు పిల్ల యారు వారములకు ముందువెనుకలుగ కత్తి పాలగును. మాట మరుగుపడుటలో ప్రాణి పోగొట్టుకొన్నదియు మనకు గోచరించుచున్నది.

ఈ పరిశ్రమ వలదని మా వాదము కాదు. గ్రుడ్డు సామాన్యుని కందుబాటులోనికి వచ్చుట దీని చలువయే. అయినను ఐరోపా సమాఖ్య 2012 నుండి వట్టి యినుప పంజరములను నిషేధించినది. మన దేశమునను లా కమిషను 2017లో తన 269వ నివేదికయందు కోళ్ళ పెంపకమునకు నియమములను సూచించినది. చట్టము నిర్బంధించువరకు వేచియుండుట యేల? పక్షికి రెక్క చాచుకొను చోటిచ్చుట భూస్వాముల చేతిలోని పనియే కదా.

భాష విషయమునను మార్గము లేకపోలేదు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వ్యవసాయపు మాండలిక వృత్తిపదకోశమును ప్రకటించినది. నిఘంటువులోని పర్యాయపదములతోనే గడులు నింపక, ప్రహేళికా కర్తలు అట్టి కోశములను తెరచి, ఆ మాట యే పనికి సంబంధించినదో ఆధారములోనే తెలుపవలెను. నేటి కోళ్ళ షెడ్లలోను పాడిశాలలలోను పనివారు కల్పించుకొనుచున్న క్రొత్త మాటలను గూడ విశ్వవిద్యాలయములు సేకరింపవలెను. మాటను గడిలో దాచుకొని ప్రాణిని గడిలో బంధించుట తెలుగు రైతునకు తగిన కీర్తి కాదు.