‘చుట్టాలమని చెప్పండి’.. దుబాయ్‌లో సెలవుల ఫ్లాట్ కిరాయికి తీసుకునే ముందు ఒక లెక్క

పోయిన సెలవుల్లో మా ఖాలా వాళ్లు కుటుంబంతో దుబాయ్ వెళ్లారు. ఖాలా, ఖాలూ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. మొత్తం ఆరుగురు, ఐదు రాత్రులు. తెలిసినవాళ్లకు తెలిసిన ఒకతను దేరా వైపు రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ ఉందని వాట్సాప్‌లో ఫొటోలు పంపాడు. రాత్రికి 350 దిర్హంలు. ఐదు రాత్రుల కిరాయి, దాని మీద 500 దిర్హంల డిపాజిట్, అంతా ముందే కట్టాలన్నాడు. రసీదు అడిగితే ‘మనలో మనకు రసీదు ఎందుకు భాభీ’ అన్నాడు. ఖాలూ డబ్బు పంపేశారు.

విమానం దిగి అర్ధరాత్రి బిల్డింగ్ దగ్గరికి చేరాక అతని నుంచి మెసేజ్ వచ్చింది: “వాచ్‌మన్ పూఛా తో రిష్తేదారాఁ హై బోలో.” అంటే, వాచ్‌మన్ అడిగితే చుట్టాలమని చెప్పండి అని.

మూడు రాత్రులు గడిచాయి. నాలుగో రోజు పొద్దున బిల్డింగ్ ఆఫీసు వాళ్లు తలుపు తట్టి ఎవరు మీరు, ఎవరి పేరు మీద ఉన్నారని అడిగారు. చెప్పడానికి జవాబు లేదు. చూపించడానికి కాగితం లేదు. మధ్యాహ్నానికి లిఫ్ట్ కార్డు పనిచేయడం ఆగిపోయింది. ఫ్లాట్ ఇచ్చినతను ఫోన్ ఎత్తలేదు. మోకాళ్ల నొప్పులున్న ఖాలా రెండు సూట్‌కేసుల పక్కన ఫుట్‌పాత్ మీద కూర్చుంటే, కొడుకు హోటల్ వెతుక్కుంటూ తిరిగాడు.

ఇది ఒక్క ఇంటి కథే అయితే రాసేవాణ్ని కాదు. దుబాయ్ వెళ్లొచ్చిన పది కుటుంబాలను అడిగితే కనీసం ఒకరిద్దరు ‘మాకూ చుట్టాలమనే చెప్పమన్నారు’ అంటున్నారు. అందుకే ఈ వ్యవహారం ఏంటో, లెక్క ఎక్కడ తప్పుతోందో ఒకసారి చూద్దాం.

మనవాళ్లు ఫ్లాటే ఎందుకు కోరుకుంటారు?

కారణాలు సబబైనవే. ఆరుగురి కుటుంబానికి హోటల్‌లో కనీసం రెండు గదులు కావాలి. అవి పక్కపక్కన దొరుకుతాయన్న గ్యారంటీ లేదు. ఫ్లాట్ అయితే హాలు ఉంటుంది, వంటగది ఉంటుంది, బట్టలు ఉతికే మిషన్ ఉంటుంది. పెద్దవాళ్లకు పొద్దున్నే ఖిచిడీ ఖట్టా చేసి పెట్టొచ్చు. ఇంట్లో ఆడవాళ్లకు పర్దా ఇబ్బంది ఉండదు. నమాజుకు చోటు ఉంటుంది. రోజూ మూడు పూటలా బయట తింటే అయ్యే ఖర్చులో సగం మిగులుతుంది.

దుబాయ్ కూడా ఈ గిరాకీని గుర్తించింది. ఆ నగరానికి 2023లో 1 కోటి 71 లక్షల మంది, 2024లో 1 కోటి 87 లక్షల మంది విదేశీ అతిథులు వచ్చారు. 2023లో అందరికంటే ఎక్కువగా వచ్చింది మన దేశం నుంచే, దాదాపు 24.6 లక్షల మంది. ఇంతమందికి హోటళ్లొక్కటే సరిపోవు. అందుకే ‘హాలిడే హోమ్’ అనే పద్ధతిని చట్టంలోకి తెచ్చారు.

చట్టం ఏం చెబుతోంది?

దుబాయ్‌లో సెలవుల ఫ్లాట్ కిరాయికి ఇవ్వడం నేరం కాదు. లైసెన్స్ లేకుండా ఇవ్వడమే నేరం. దీనికోసం 2013లోనే 41వ నంబర్ డిక్రీ వచ్చింది. ఇప్పుడు దీన్ని చూసేది దుబాయ్ ఆర్థిక, పర్యాటక శాఖ, అంటే డీఈటీ. ప్రతి ఫ్లాట్‌కూ విడిగా పర్మిట్ ఉండాలి. వచ్చిన అతిథుల పాస్‌పోర్ట్ వివరాలు శాఖ సిస్టంలో నమోదు చేయాలి. ఫ్లాట్లను స్టాండర్డ్, డీలక్స్ అని రెండు తరగతులు చేశారు. ‘టూరిజం దిర్హం’ పేరుతో ఒక్కో బెడ్‌రూమ్‌కు రాత్రికి స్టాండర్డ్‌లో 10, డీలక్స్‌లో 15 దిర్హంలు వసూలు చేస్తారు. కిరాయి మీద 5 శాతం వ్యాట్ అదనం.

‘చుట్టాలమని చెప్పండి’ అనే మాట ఎందుకు వస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది. పర్మిట్ ఉన్నవాడికి అబద్ధం అవసరం లేదు. అతని అతిథుల పేర్లు ఆల్రెడీ సర్కారు సిస్టంలో ఉంటాయి. పర్మిట్ లేనివాడు చాలాసార్లు ఆ ఫ్లాట్ ఓనర్ కూడా కాడు. ఏడాది ఒప్పందం మీద తీసుకున్న కిరాయిదారు, ఓనర్‌కు తెలియకుండా మళ్లీ మనకు ఇస్తుంటాడు. దుబాయ్ 2007 నాటి కిరాయి చట్టం ప్రకారం ఓనర్ రాతపూర్వక అనుమతి లేకుండా ఇలా ఇస్తే ఆ కిరాయిదారునే ఖాళీ చేయించొచ్చు. అతనే ఖాళీ చేయాల్సి వస్తే మన సంగతి చెప్పక్కర్లేదు.

జరిమానా ఫ్లాట్ నడిపేవాడికి పడొచ్చు. కానీ ఆ పూట సామాన్లతో బయట నిలబడేది మాత్రం మనమే.

కామర్స్ లెక్క

మా ఖాలా వాళ్లు వెళ్లకముందు అదే ఏరియాలో లైసెన్స్ ఉన్న రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ ఒకటి చూశారు. రాత్రికి 500 దిర్హంలు. ‘350కి దొరుకుతుంటే 500 ఎందుకు’ అని వదిలేశారు. రెండింటి లెక్కా పక్కపక్కన పెడదాం. దిర్హం 24 రూపాయలు అనుకుందాం.

లైసెన్స్ ఉన్న ఫ్లాట్: ఐదు రాత్రులకు 2,500 దిర్హంలు. క్లీనింగ్ చార్జీ 250. ఈ రెండింటి మీద 5 శాతం వ్యాట్ 137.50. టూరిజం దిర్హం రెండు బెడ్‌రూమ్‌లకు, ఐదు రాత్రులకు, పదేసి చొప్పున 100. మొత్తం 2,987.50 దిర్హంలు, అంటే సుమారు 71,700 రూపాయలు.

ఇక్కడే ఒక సంగతి గమనించాలి. 500 అని కనిపించిన రేటు చివరికి దాదాపు 600 అయింది, అంటే ఇంచుమించు 20 శాతం ఎక్కువ. కాబట్టి రేటు చూసేటప్పుడు రాత్రి కిరాయి ఒక్కటే చూస్తే మోసపోతాం. చివరి పేజీలో వచ్చే మొత్తాన్ని రాత్రులతో భాగించి, దాన్ని హోటల్ మొత్తంతో పోల్చాలి.

లైసెన్స్ లేని ఫ్లాట్: ఐదు రాత్రులకు 1,750 దిర్హంలు, వేరే ఏ పన్నూ లేదు. అంటే 1,237.50 దిర్హంలు, దాదాపు 29,700 రూపాయలు మిగిలినట్టే. ఖాలూ సంతోషపడింది ఇక్కడే.

తర్వాత జరిగింది ఇది. చివరి రెండు రాత్రులకు హోటల్‌లో రెండు గదులు, ఒక్కోటి 350 చొప్పున 1,400 దిర్హంలు. తిరిగి రాని డిపాజిట్ 500. మొత్తం 3,650 దిర్హంలు, అంటే 87,600 రూపాయలు. 29,700 మిగుల్చుకుందామని పోయి 15,900 ఎక్కువ పెట్టారు. పోయిన ఒక రోజు, ఖాలా పడ్డ అవస్థ ఈ లెక్కలో లేవు.

పర్మిట్ లేని ఫ్లాట్‌లో దిగిన ప్రతివాళ్లకూ ఇలాగే అవుతుందని నేను అనను. చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా తిరిగొస్తారు. కానీ ఇబ్బంది వచ్చిన రోజు ఫిర్యాదు చేయడానికి చేతిలో ఏమీ ఉండదు. ఆ 150 దిర్హంల తేడాకు మనం అమ్ముకునేది ఆ హక్కునే.

వీసా దగ్గరే మొదలవుతుంది

2024 నవంబర్ నుంచి దుబాయ్ టూరిస్ట్ వీసాకు హోటల్ బుకింగ్, రిటర్న్ టికెట్ కాగితాలు గట్టిగా అడుగుతున్నారు. బంధువుల ఇంట్లో దిగేట్టయితే వాళ్ల కిరాయి ఒప్పందం, ఎమిరేట్స్ ఐడీ, రెసిడెన్స్ వీసా కాపీ చూపించాలి. లైసెన్స్ ఉన్న హాలిడే హోమ్ అయితే పక్కా బుకింగ్ కాగితం వస్తుంది. వాట్సాప్ ఫ్లాట్‌కు అది రాదు. అప్పుడు కొందరు ఏం చేస్తున్నారంటే, వీసా కోసం ఒక హోటల్‌లో డమ్మీ బుకింగ్ చేసి, వీసా రాగానే క్యాన్సిల్ చేసి, వేరే ఫ్లాట్‌లో దిగుతున్నారు. కాగితం మీద ఒక అడ్రస్, ఉండేది ఇంకోచోట. ఎయిర్‌పోర్ట్‌లో ఎక్కడ దిగుతున్నారని అడిగితే ఏం చెప్పాలో ముందే ఇంట్లో అందరికీ నేర్పాలి. సెలవులకు వెళ్లేవాళ్లకు ఈ దొంగ భయం అవసరమా?

ఇంకో ప్రమాదం ఉద్యోగం వెతుక్కుంటూ విజిట్ వీసా మీద వెళ్లే కుర్రాళ్లది. వాళ్లకు ‘హాలిడే ఫ్లాట్’ అని చెప్పి చూపించేది చాలాసార్లు ప్లైవుడ్ పార్టిషన్ కొట్టిన గదిలో ఒక మంచం. 2025 జూన్‌లో దుబాయ్ మున్సిపాలిటీ అల్ రిగ్గా, మురఖ్ఖబాత్, సత్వా, అల్ బర్షా, అల్ రఫా ఏరియాల్లో ఇలాంటి అక్రమ పార్టిషన్ల మీద తనిఖీలు పెంచింది. అగ్నిప్రమాదం జరిగితే బయటపడే దారి ఉండదన్నది వాళ్లు చెప్పే కారణం, అందులో నిజం ఉంది.

రెండో వైపు: మన వాళ్లే కిరాయిదారులు

ఇప్పటిదాకా టూరిస్ట్ వైపు నుంచి మాట్లాడాం. కానీ హైదరాబాద్, నిజామాబాద్, కరీంనగర్, కడప కుటుంబాలకు దుబాయ్ అంటే సెలవుల ఊరు ఒక్కటే కాదు. అన్నో బావో అక్కడ పనిచేస్తుంటాడు. అతను ఏడాది ఒప్పందం మీద ఫ్లాట్ తీసుకుని, ‘ఎజారీ’లో నమోదు చేయించుకుని ఉంటాడు. ఎజారీ అంటే అరబీలో ‘నా కిరాయి’ అని అర్థం.

2024 చివరికి దుబాయ్ జనాభా 38 లక్షలు దాటింది. ఇళ్లకు గిరాకీ పెరిగింది. పాత కిరాయిదారుకు ఇష్టమొచ్చినట్టు కిరాయి పెంచడానికి లేదు. 2013 నాటి 43వ డిక్రీ ప్రకారం, మార్కెట్ రేటుకూ ఇప్పుడు కడుతున్న కిరాయికీ ఉన్న తేడాను బట్టి సున్నా నుంచి 20 శాతం వరకే పెంచాలి. అదే ఫ్లాట్‌ను టూరిస్టులకు రాత్రి లెక్కన ఇస్తే ఈ పరిమితి ఉండదు. ఓనర్‌కు ఆశ పుట్టేది ఇక్కడే. ఓనర్ తన సొంత వాడకానికో అమ్మకానికో ఖాళీ చేయించాలంటే 12 నెలల ముందు నోటరీ ద్వారాగానీ రిజిస్టర్డ్ పోస్టులోగానీ నోటీసు ఇవ్వాలి. సొంతానికని ఖాళీ చేయించిన ఇంటిని రెండేళ్ల దాకా వేరేవాళ్లకు కిరాయికి ఇవ్వకూడదు. ఈ రూల్ తెలియక నోటి మాటకే ఇల్లు ఖాళీ చేసిన మనవాళ్లున్నారు.

అంటే మనం సెలవులకు దిగే ఫ్లాటూ, మన తమ్ముడు కిరాయికి వెతుక్కునే ఫ్లాటూ ఒకే బిల్డింగ్‌లో ఉండొచ్చు. మనం దిగినందుకు అతనికి ఇల్లు కరువవుతుందని తేల్చి చెప్పలేం. కానీ ఈ పోటీ ఉందని ప్రపంచంలో చాలా నగరాలు ఒప్పుకుంటున్నాయి. బార్సిలోనా మేయర్ జాఉమే కొల్‌బోనీ 2024 జూన్‌లో, నగరంలోని 10,101 టూరిస్ట్ ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబర్ కల్లా ఆపేస్తామన్నారు. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబర్ నుంచి 30 రోజుల లోపు కిరాయికి ఇవ్వాలంటే ఇల్లు నమోదై ఉండాలి, ఇచ్చేవాళ్లు అదే ఇంట్లో ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. టర్కీలో 2024 జనవరి 1 నుంచి 100 రోజులు, అంతకు తక్కువకు ఇవ్వాలంటే పర్మిట్ కావాలి. దానికి ముందు బిల్డింగ్‌లోని ఫ్లాట్ ఓనర్లందరూ ఒప్పుకోవాలి. దుబాయ్ ఆపే దారి ఎంచుకోలేదు. లైసెన్స్ ఇచ్చి, ఫీజు తీసుకుని నడిపించే దారి ఎంచుకుంది. దారులు వేరైనా ఒక మాట మాత్రం అన్నిచోట్లా ఒకటే: ఎవరు ఎక్కడ దిగుతున్నారో నగరానికి తెలియాలి.

బుక్ చేసే ముందు ఏం అడగాలి?

మొదటిది, డీఈటీ పర్మిట్ నంబర్. ఎయిర్‌బీఎన్‌బీ లాంటి సైట్‌లోనైనా, తెలిసినతని దగ్గరైనా ఇదే అడగాలి. ‘మీ ఫ్లాట్ పర్మిట్ నంబర్ చెప్పండి’ అంటే దాటవేసేవాళ్లతో మాట అక్కడే ఆపేయాలి.

రెండోది, పాస్‌పోర్ట్‌లు. అందరి కాపీలు అడిగితే చిరాకు పడొద్దు. రూల్ ప్రకారం నడిపేవాడు అడగాల్సిందే. అసలు అడగనివాడినే అనుమానించాలి.

మూడోది, డబ్బు. వేరెవరి పేరు మీదో ఉన్న ఖాతాకు పంపొద్దు. డిపాజిట్ ఎంత, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, దేనికి కోస్తారు అన్నది రాతలో ఉండాలి. ఫ్లాట్‌లోకి వెళ్లగానే గోడలు, ఫ్రిజ్, టీవీ, బాత్‌రూమ్ వీడియో తీసి అదే రోజు ఓనర్‌కు పంపాలి.

నాలుగోది, అడ్రస్. దుబాయ్‌లో ప్రతి బిల్డింగ్‌కు పది అంకెల ‘మకానీ’ నంబర్ ఉంటుంది. బుకింగ్ కాగితంలోది, ఫ్లాట్ ఉన్న బిల్డింగ్‌ది ఒకటేనా చూసుకోవాలి.

తేడా వస్తే అత్యవసరం కాని విషయాలకు దుబాయ్ పోలీస్ నంబర్ 901. భారత కాన్సులేట్ నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబర్ 800 46342.

మా ఖాలూకు ఈ లెక్కంతా కాగితం మీద చూపించాను. ఆయన చాలాసేపు చూసి, డబ్బు సంగతి వదిలేయమన్నారు. “రోజూ లిఫ్ట్ దగ్గర వాచ్‌మన్‌కు సలాం చెప్పి, పిల్లల ముందే చుట్టాలమని అబద్ధం చెప్పాను. అదే బాధ” అన్నారు.

కిరాయికి తీసుకున్న ఇల్లు మన దగ్గర అమానత్. దాని తలుపు అబద్ధంతో తెరవమని ఎవరైనా అడిగితే, ఎంత తక్కువకు ఇచ్చినా ఆ ఇల్లు మనకు వద్దు.